సొంతంగా పౌడర్ కోటింగ్ ఓవెన్ కట్టుకునేవారికి: గాలి వేడి కాదు, లోహం వేడి లెక్క

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మోటారు సైకిల్ ఛాసిస్‌లు, చక్రాలు, చిన్న ఇనుప చట్రాలు పట్టేంత పౌడర్ కోటింగ్ ఓవెన్‌ను, అంటే లోహం మీద చల్లిన రంగు పొడిని వేడితో కరిగించి గట్టి పూతగా మార్చే పెట్టెను, సొంతంగా కట్టుకోవాలి. లోపలి కొలతలు మీటరు వెడల్పు, మీటరు లోతు, మీటరున్నర ఎత్తు. పాడైన పెద్ద ఫ్రిజ్ పెట్టెను వాడుకోవచ్చా, జింక్ పూత రేకు వేడికి విషవాయువు వదులుతుందా, ఎన్ని కిలోవాట్ల హీటర్లు కావాలి, మామూలు థర్మోస్టాట్ చాలదా, లోపల ఫ్యాన్ తిరిగితే చల్లిన పొడి రాలిపోదా అన్నవి సందేహాలు. వీటన్నిటికీ సమాధానం చెబుతాను కానీ, మొదట ఒక విషయం స్థిరపడితే మిగిలినవి సులువుగా అర్థమవుతాయి.

పొడి డబ్బా మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని రాసి ఉంటే, అది ఓవెన్‌లోని గాలి వేడి కాదు, వస్తువు లోహం వేడి. తలుపు వేసిన క్షణం నుంచి కాకుండా, లోహం 200 డిగ్రీలకు చేరిన క్షణం నుంచి ఆ పది నిమిషాలు లెక్కకు వస్తాయి. మనం వాడే పొడులలో ఎక్కువ భాగం ఎపాక్సీ, పాలిస్టర్ లేదా ఆ రెండింటి మిశ్రమం. ఇవి సుమారు 100 డిగ్రీల ప్రాంతంలో కరిగి, వస్తువు మీద పరుచుకుని, ఆ తరువాత 180 నుంచి 200 డిగ్రీల మధ్య రసాయనికంగా అల్లుకుని గట్టిపడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. కరిగి పరుచుకోవడం పూర్తయ్యేసరికే పూత నున్నగా, మెరుస్తూ, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. లోపల అల్లిక సగంలో ఆగిపోయిన పూతకూ పూర్తిగా ఉడికిన పూతకూ కంటికి తేడా తెలియదు. కొన్ని వారాలకు రాయి తగిలిన చోట పెంకులా లేచినప్పుడు, పెట్రోలు చుక్క పడి మెత్తబడినప్పుడు మాత్రమే తెలుస్తుంది. కనుక ఓవెన్ కట్టడంలో ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఇది లోహాన్ని, అన్ని మూలలా సమానంగా, కావలసిన వేడికి చేర్చి అక్కడే నిలపడానికి తోడ్పడుతుందా?

ఫ్రిజ్ సంగతి ముందుగా తేల్చేస్తాను. వద్దు. దాని లోపలి గోడ ప్లాస్టిక్, గోడల మధ్య నింపినది పాలీయురితేన్ నురుగు. 200 డిగ్రీల దగ్గర ఆ రెండూ పాడై విషపు పొగ వదులుతాయి, నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం. ప్లాస్టిక్, నురుగు ఊడదీసి ఒట్టి రేకు పెట్టెను మాత్రమే వాడుకుంటామని కొందరు అంటారు. అంత శ్రమపడ్డాక మిగిలేది మనకు కావలసిన కొలత లేని ఒక పలుచని తొడుగు మాత్రమే. చెక్క చట్రం, థర్మోకోల్, ఫోమ్ బోర్డు కూడా ఇదే కారణంతో పనికిరావు. చేతిలో పట్టే చిన్న భాగాలు మాత్రమే చేసేవారికి వంటింటి కరెంటు ఓవెన్ ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు, కానీ ఒకసారి పొడి కాల్చిన ఓవెన్‌లో మళ్ళీ ఎప్పటికీ తిండి వండకూడదు.

ఇక హీటర్ల లెక్క. చాలామంది పెట్టె ఘనపరిమాణం చూసి వాట్లు నిర్ణయిస్తారు. అది అంచనాకు పనికొస్తుంది గాని, వేడి నిజంగా ఎక్కడికి పోతుందో చెప్పదు. మీ కొలతల ప్రకారం లోపలి గోడలు, పైకప్పు, నేల కలిపి 8 చదరపు మీటర్లు. లోపల 1 మి.మీ. రేకు వేస్తే దాని బరువు ఒక్కటే సుమారు 63 కిలోలు. ఉక్కు కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.49 కిలోజౌళ్ళు కావాలి. 30 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు ఆ రేకును తీసుకువెళ్ళడానికే దాదాపు 1.46 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అదే లోపల వేలాడదీసిన 20 కిలోల వస్తువుకు పట్టేది 0.46 యూనిట్లు. లోపలి గాలికి పట్టేది యూనిట్‌లో పదో వంతు కూడా లేదు. అంటే మొదటి బ్యాచ్‌లో మనం వేడి చేసేది ప్రధానంగా ఓవెన్‌నే, వస్తువును కాదు. లోపలి రేకును బలంగా ఉండాలని 2 మి.మీ. మందంతో వేసేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. రేకు మందం రెట్టింపైతే దానికి పట్టే కరెంటు కూడా రెట్టింపవుతుంది, ఓవెన్ వేడెక్కే సమయం ఆ మేరకు పెరుగుతుంది. బరువు మోయవలసినది లోపలి రేకు కాదు, దాని వెనక ఉన్న చట్రం. రేకు 0.8 నుంచి 1 మి.మీ. ఉంటే చాలు.

గోడల గుండా పోయే వేడి రెండో పద్దు. 100 మి.మీ. మందం రాక్ వూల్ (వేడిని ఆపే రాతి నార పలకలు) వేస్తే, ఆ వేడిలో దాని ఉష్ణవాహకత సుమారు 0.06 అనుకుంటే, 8 చదరపు మీటర్ల మీద 170 డిగ్రీల తేడాకు నష్టం దాదాపు 800 వాట్లు. ఇది కాగితం మీది లెక్క. తలుపు సందులు, లోపలి గోడనూ బయటి గోడనూ కలిపే ఇనుప ముక్కలు కలుపుకుంటే 1200 నుంచి 1500 వాట్లు పోతుందని అనుకోవాలి. 50 మి.మీ. వూల్‌తో సరిపెడితే గోడ నష్టం రెట్టింపవుతుంది, బయటి గోడ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఈ పద్దులన్నీ కలిపి చూస్తే, ఈ కొలతల పెట్టెను ఖాళీ స్థితి నుంచి అరగంట, నలభై నిమిషాలలో సిద్ధం చేయడానికి 6 కిలోవాట్లు సరిపోతాయి. 20 నిమిషాలలో కావాలంటే 9 కిలోవాట్లు వేసుకోవచ్చు. 200 డిగ్రీల దగ్గర నిలపడానికి మాత్రం అందులో నాలుగో వంతు కన్నా తక్కువే పడుతుంది. ఎక్కువ వాట్లు పెట్టినంత మాత్రాన పూత బాగా ఉడకదు. వేడెక్కే సమయం మాత్రమే తగ్గుతుంది, కరెంటు తీగల మీద భారం మాత్రం అంతకంత పెరుగుతుంది. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 6 కిలోవాట్లంటే 26 ఆంపియర్లు. మామూలు గోడ ప్లగ్ దీన్ని మోయలేదు. త్రీ ఫేజ్ ఉంటే కిలోవాట్ హీటర్లు ఆరు తీసుకుని ఫేజ్‌కు రెండు చొప్పున పంచితే, ఫేజ్ ఒక్కింటికి 9 ఆంపియర్ల లోపే ఉంటుంది. వీలున్నవారికి నేను చెప్పేది ఇదే.

పెట్టె నిర్మాణంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టేది, లోపలి గోడనూ బయటి గోడనూ నేరుగా ఇనుముతో కలపకూడదన్న విషయం మీద. రెండు రేకుల మధ్య నిలువెత్తు చానల్ ముక్కలు పెట్టి రెండు వైపులా రివెట్లు కొడితే, ఎంత వూల్ కూరినా ఆ చానల్ గుండా వేడి బయటికి పారుతూనే ఉంటుంది. నడుస్తున్న ఓవెన్ బయటి గోడ మీద చేయి దగ్గరగా ఉంచి నెమ్మదిగా జరిపితే, చానల్ ఎక్కడెక్కడ ఉందో వేడి గీతలుగా తెలిసిపోతుంది. బయటి చట్రాన్ని బయటే ఉంచి, లోపలి పెట్టెను కొద్ది చోట్ల మాత్రమే, కాల్షియం సిలికేట్ బోర్డు ముక్కలు మధ్యలో పెట్టి దానికి ఆనించాలి. చానల్ తప్పనిసరి అయిన చోట దాని నడుమ పొడుగ్గా గాడులు కోస్తే వేడి నడిచే దారి సన్నబడుతుంది.

దీనితోనే ముడిపడిన సంగతి వ్యాకోచం. మీటరున్నర ఉక్కు రేకు 170 డిగ్రీల తేడాకు సుమారు 3 మి.మీ. పొడుగవుతుంది. లోపలి రేకును నాలుగు పక్కలా వెల్డు చేసి బిగించేస్తే ఆ 3 మి.మీ. పోయే చోటు లేక రేకు మధ్యలో ఉబ్బుతుంది, ప్రతి బ్యాచ్‌కూ ఢమ్మని చప్పుడు చేస్తుంది, కొన్నాళ్ళకు వెల్డు దగ్గర పగులుతుంది. రేకుల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచి, బోల్టు రంధ్రాలను పొడుగు గాడులుగా కోసి, రేకు జరగడానికి సందు ఇవ్వాలి. రాక్ వూల్‌ను కూరి కూరి నింపడం కూడా తప్పే. అందులో నిలిచిన గాలే వేడిని ఆపుతుంది కాబట్టి పలకలు వంగకుండా, నలగకుండా, రెండు పొరల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా అమర్చితే చాలు. వూల్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పాత పరిశ్రమల నుంచి దొరికే ఆస్‌బెస్టాస్ తాడు, పలక ఏదైనా సరే, ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు.

జింక్ రేకు భయానికి వస్తే, అందులో సగం నిజం ఉంది. జింక్ 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 200 డిగ్రీల ఓవెన్ గోడ నుంచి జింక్ పొగ రాదు. ఆ పొగ వచ్చేది అదే రేకును వెల్డు చేసేటప్పుడు. అందువల్ల జింక్ రేకును రివెట్లతో, స్క్రూలతో కలపండి, వెల్డు చేయక తప్పని చోట పూతను ముందే గీకేసి గాలి ఆడే చోట చేయండి. ఇంకో జాగ్రత్త ఏమంటే, 200 డిగ్రీలు దాటిన వేడి ఎప్పుడూ తగిలే చోట, అంటే హీటర్ల పక్క గోడల మీద, జింక్ పూత కాలక్రమేణా పొరలుగా లేచిపోవచ్చు. ఆ పొలుసులు ఉడుకుతున్న పూత మీద పడితే వస్తువు పాడైనట్టే. హీటర్ గదికి అల్యూమినియం పూత ఉన్న ఉక్కు రేకు గాని స్టెయిన్‌లెస్ గాని వాడి, మిగిలిన గోడలకు జింక్ రేకు నిశ్చింతగా వాడవచ్చు.

తలుపు విషయంలో రెండే మాటలు. అంచు చుట్టూ ఫైబర్‌గ్లాస్ తాడు గాస్కెట్ ఉండాలి, తలుపు దాని మీద సమానంగా నొక్కుకోవాలి. గడియ మాత్రం లోపలి నుంచి ఒత్తిడి వస్తే దానంతట అదే విడిచిపెట్టే రకంగా ఉండాలి. బోల్టులు పెట్టి బిగించిన తలుపు, లోపల మండే ఆవిరికి నిప్పు అంటుకున్న రోజున పెట్టెను బాంబుగా మారుస్తుంది. మనిషి దూరగలిగినంత ఓవెన్ అయితే లోపలి నుంచి తోసినా తెరుచుకోవాలి.

ఇప్పుడు గాలి సంగతి. ఓవెన్ మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. హీటర్లను నేల మీద పరిచి వస్తువును పైన వేలాడదీస్తే రెండు కీడులు జరుగుతాయి. ఎర్రబడే హీటర్ గొట్టం నుంచి కిరణాలుగా వచ్చే వేడి నేరుగా తగిలిన వైపు పూత మాడుతుంది, నీడలో పడిన వైపు పచ్చిగా మిగులుతుంది. అదీగాక, వస్తువు నుంచి రాలిన పొడి హీటర్ మీద పడి కాలి పొగవుతుంది. కనుక హీటర్‌కు వస్తువు కనిపించకూడదు. ఒక పక్క గోడకు 100 నుంచి 120 మి.మీ. ఎడంగా ఇంకో రేకు గోడ కట్టి, ఆ సందులో హీటర్లు పెట్టి, ఫ్యాన్ పైభాగం నుంచి గాలిని లాగి హీటర్ల మీదుగా కిందికి తోసి, వెడల్పాటి చిల్లుల పలక గుండా గదిలోకి వదిలేటట్టు అమర్చండి.

ఎంత గాలి తిప్పాలన్నది కూడా లెక్కకు అందుతుంది. నిమిషానికి 15 ఘనపు మీటర్లు తిప్పితే, 6 కిలోవాట్లు పూర్తిగా మండుతున్నప్పుడు హీటర్లు దాటిన గాలి సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కాక, హీటర్లు 1200 వాట్ల సగటుకు దిగినప్పుడు ఆ తేడా 6 డిగ్రీలే. గాలి సగానికి తగ్గిస్తే ఈ తేడాలు రెట్టింపవుతాయి, పై మూలకూ కింది మూలకూ మధ్య వ్యత్యాసం అక్కడి నుంచే పుడుతుంది. పొడి రాలిపోతుందన్న భయానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. అదే 15 ఘనపు మీటర్ల గాలిని ఒక చదరపు మీటరు చిల్లుల పలక మీద పరిచి వదిలితే, పలకకు కాస్త ఎడంగా దాని వేగం సెకనుకు 25 సెంటీమీటర్లు. అది తెలిసీ తెలియనంత మెల్లని కదలిక, స్థిర విద్యుత్తుతో అంటుకున్న పొడిని కదిలించలేదు. అదే గాలిని అరచేయంత కంతలోంచి వదిలితే ఎదురుగా ఉన్న చోట పొడి ఊడిపోయి లోహం కనిపిస్తుంది. తప్పు ఫ్యాన్‌ది కాదు, వదిలే దారిది. పొడి కరిగి అంటుకున్నాక ఇక రాలే ప్రశ్నే లేదు.

ఫ్యాన్ మోటారు పెట్టె బయట ఉండాలి. పొడవాటి స్టెయిన్‌లెస్ ఇరుసు గోడ దాటి లోపలి రెక్కలను తిప్పాలి. ఇరుసు మీద, గోడకూ మోటారుకూ మధ్య, ఒక చిన్న అల్యూమినియం బిళ్ళ బిగిస్తే ఇరుసు వెంట పాకే వేడిని అది గాలిలోకి విడిచిపెట్టి బేరింగ్‌ను కాపాడుతుంది. లోపలి రెక్కలకు ప్లాస్టిక్ హబ్ ఉండకూడదు. మోటారును చల్లని గాలికి సరిపడేలా ఎంచుకోవాలి. 200 డిగ్రీల గాలి సాంద్రత 30 డిగ్రీల గాలిలో మూడింట రెండు వంతుల కన్నా తక్కువ కాబట్టి, మోటారుకు అసలు భారం ఉదయం మొదటిసారి తిప్పినప్పుడే పడుతుంది.

వేడి నియంత్రణకు ఇంటి ఉపకరణాలలో వాడే మామూలు థర్మోస్టాట్ చాలదు. అది 15, 20 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. పీఐడీ కంట్రోలర్ (వేడిని చూస్తూ హీటర్లను కొద్దికొద్దిగా సర్దే పరికరం), కె-రకం థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ సెన్సర్), సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) ఉన్న అమరిక ఇప్పుడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. థర్మోకపుల్‌ను హీటర్ దగ్గర కాకుండా, గది చుట్టి తిరిగి ఫ్యాన్ వైపు వస్తున్న గాలిలో పెట్టండి. కంట్రోలర్ స్వయంగా సరిచేసుకునే ఆటోట్యూన్‌ను ఖాళీ ఓవెన్‌తో కాకుండా, మామూలుగా వేసేంత బరువు లోపల వేలాడదీసి నడపండి. రిలే గుండా పోయే ప్రతి ఆంపియర్‌కూ దాదాపు 1.2 వాట్ల వేడి రిలేలోనే పుడుతుంది. 26 ఆంపియర్లకు అది 30 వాట్లు దాటుతుంది కాబట్టి, సరైన హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) లేకుండా మూసిన డబ్బాలో పెడితే కొద్ది నెలలలో పోతుంది. 40 ఆంపియర్లని రాసి ఉన్న రిలేను 20కి మించి నడపకపోవడమే మేలు. 26 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ అయితే హీటర్లను రెండు రిలేల మీద పంచండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సొంతంగా కట్టిన ఓవెన్‌లలో ఎక్కువగా లోపించేది ఇదే. సాలిడ్ స్టేట్ రిలే పాడైనప్పుడు తరచుగా తెరుచుకుని ఆగిపోదు, లోపల అతుక్కుపోయి హీటర్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. కంట్రోలర్ తెర మీద ఆపేశానని చూపిస్తున్నా, లోపల వేడి 200 దాటి, 250 దాటి పెరుగుతూనే పోతుంది. అందుకని కంట్రోలర్‌తో ఏ సంబంధమూ లేని రెండో రక్షణ కావాలి. సొంత సెన్సర్ ఉన్న, చేత్తో నొక్కితే తప్ప తిరిగి మొదలుకాని ఒక హద్దు థర్మోస్టాట్‌ను 240 డిగ్రీల దగ్గర అమర్చి, అది హీటర్ల ముందున్న కాంటాక్టర్‌ను (కాయిల్‌కు కరెంటు అందినంత సేపే హీటర్లకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్‌ను) పడేసేలా తీగలు కలపండి. ఆ కాంటాక్టర్ కాయిల్ వరుసలోనే తలుపు స్విచ్, ఫ్యాన్ గాలి తోస్తోందో లేదో చూసే స్విచ్, అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ కూడా ఉండాలి. ఫ్యాన్ ఆగి హీటర్లు మండుతూ ఉంటే సందులోని రేకు కొద్ది నిమిషాలలోనే ప్రమాదకరంగా వేడెక్కుతుంది. ఈ వరుసలో ఏ ఒక్కటి తెగినా హీటర్లు ఆగాలి.

పెట్టెకు, తలుపుకు, లోపలి కడ్డీలకు ఎర్త్ ఉండాలి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ ఉండాలి. హీటర్ల దగ్గర మామూలు పీవీసీ తీగ కరిగిపోతుంది. వేడి తగిలే చోట్ల ఫైబర్‌గ్లాస్ అల్లిక ఉన్న హీటర్ తీగ వాడి, చల్లగా ఉండే చోటికి వచ్చాక మాత్రమే మామూలు కేబుల్‌కు మారాలి. ఓవెన్‌ను చాలా కాలం వాడకుండా ఉంచి మళ్ళీ వేసినప్పుడు లీకేజీ బ్రేకర్ పడిపోతే కంగారుపడవద్దు, అలాగని బ్రేకర్‌ను తీసేయనూ వద్దు. హీటర్ గొట్టంలో నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. హీటర్లను విప్పి తేమ లేని మరో వేడి చోట ఆరబెట్టి, మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందో లేదో చూసే మీటరుతో) పరీక్షించి తిరిగి బిగిస్తే సరిపోతుంది. ఈ భాగమంతా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి, లేదా కనీసం ఆయన పూర్తిగా పరీక్షించాకే కరెంటు ఇవ్వండి. గ్యాస్ బర్నర్ గురించి అడిగేవారు కూడా ఉన్నారు. గదిలోకి నేరుగా మంట వదిలే ఏ అమరికనూ ఇంటి పనికి నేను సమర్థించను. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఒకటైతే, మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్‌లకు తెల్ల రంగులు పసుపెక్కుతాయి.

పైన మూలలో 50 నుంచి 75 మి.మీ. గొట్టం ఒకటి, దానికి తిప్పే మూత, కింద గాలి లోపలికి వచ్చే చిన్న కంత పెట్టి, గొట్టాన్ని గది బయటికి తీసుకువెళ్ళాలి. పొడులలో ద్రావకం లేకపోయినా, ఉడికేటప్పుడు కొద్దిగా ఆవిరి వస్తుంది. పాలీయురితేన్ పొడులైతే కాప్రోలాక్టమ్ వదులుతాయి, అది కళ్ళను, గొంతును మండిస్తుంది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. పెట్రోలు, థిన్నర్, అసిటోన్‌తో తుడిచిన వస్తువును గొట్టాల లోపల తడి ఆరకుండానే ఓవెన్‌లో పెట్టడం. ఆ కొద్ది చెంచాల ద్రవం మూసిన పెట్టెలో ఆవిరై హీటర్‌ను తాకితే పేలుడే. అలాగే పొడి చల్లే చోటు ఓవెన్‌కు దూరంగా ఉండాలి. గాలిలో ఘనపు మీటరుకు కొన్ని పదుల గ్రాముల పొడి తేలితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. పొడి గుట్టలు ఓవెన్ నేల మీద పేరుకోకుండా తుడుస్తూ ఉండండి.

కట్టడం పూర్తయ్యాక వెంటనే వస్తువు పెట్టవద్దు. మొదటిసారి ఖాళీగా, తలుపులు కిటికీలు తెరిచి ఉంచి, 100, 150, 200, 230 అంటూ ఆగి ఆగి ఎక్కించండి. రేకుల మీది నూనె, వూల్‌లోని బంధకం కాలి ఘాటైన పొగ వస్తుంది. అది పూర్తిగా పోయేవరకు నడపాలి, లేకుంటే మొదటి పూతల మీద ఆ జిడ్డు మచ్చలుగా తేలుతుంది. ఆ తరువాత ఎనిమిది మూలలలోను, నడిమధ్యలోను థర్మోకపుల్‌లు వేలాడదీసి, 200 దగ్గర నిలకడకు వచ్చాక తొమ్మిది చోట్లా చదవండి. తేడా అటూ ఇటూ 5 డిగ్రీల లోపల ఉంటే మంచి ఓవెన్, 8 దాకా ఉన్నా పని నడుస్తుంది. అంతకు మించితే హీటర్లు మార్చే ముందు చిల్లుల పలకను సరిచేయండి. వేడిగా ఉన్న వైపు కొన్ని చిల్లులు మూసి, చల్లగా ఉన్న వైపు పెంచుతూ పోతే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక మొదట చెప్పిన లోహం వేడి. వస్తువుకు కంటపడని చోట ఒక బోల్టు కింద థర్మోకపుల్ కొన నొక్కి బిగించి, మరో మీటరుతో చదవండి. ఒకటిన్నర మి.మీ. గొట్టం వేడి ఓవెన్‌లో సుమారు పది నిమిషాలలో అందుకుంటే, 10 మి.మీ. మందం పలకకు అరగంట దాటవచ్చు. ఈ రెండూ ఉన్న చట్రమైతే మందపు భాగం అందుకున్నప్పటి నుంచే సమయం లెక్కించాలి, పలుచని భాగం కాస్త ఎక్కువ కాలినా నష్టం తక్కువ. అందుకే ఒకే బ్యాచ్‌లో బరువైన వస్తువులు, పలుచని రేకులు కలపవద్దంటాను, ముఖ్యంగా తెల్ల రంగు అయితే. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను పూత మీద గురిపెడితే ఫరవాలేదు. మెరిసే ఒట్టి లోహం మీద గురిపెడితే అది అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. పూత లేని అల్యూమినియం మీద దాన్ని నమ్మి వేడి పెంచుతూ పోవద్దు.

ఓవెన్‌లోకి పోకూడనివి కూడా తెలిసి ఉండాలి. షాక్ అబ్జార్బర్‌ల వంటి గ్యాసు, నూనె ఒత్తిడి నింపిన భాగాలు వేడికి పేలతాయి. బేరింగ్‌లు, రబ్బరు సీళ్ళు, ప్లాస్టిక్ బుష్‌లు ముందే తీసేయాలి. సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి టంకం అతుకులున్న ట్యాంకులు పనికిరావు. పెట్రోలు నిలవ ఉన్న ట్యాంకు అసలే కూడదు. వేడి చికిత్సతో బలం తెచ్చుకున్న అల్యూమినియం చక్రాలను 200 దగ్గర గంటల తరబడి ఉంచితే బలం తగ్గుతుంది. వాటికి తక్కువ వేడిలో ఉడికే పొడి ఎంచుకుని, తయారీదారు అనుమతించిన హద్దు దాటకుండా, సమయాన్ని గడియారంతో పట్టి తీయాలి. పోత అల్యూమినియం, వేడి జింక్‌లో ముంచిన ఇనుము లోపలి రంధ్రాలలో చిక్కిన గాలి పూతను బుడగలుగా పొడుస్తుంది. వాటిని పొడి చల్లడానికి ముందే, ఉడికించే వేడి కన్నా 10, 20 డిగ్రీలు ఎక్కువలో ఒకసారి కాల్చి చల్లార్చాలి. బలానికి హద్దు ఉన్న చక్రాలకు మాత్రం ఈ ముందు కాల్పు కూడా ఆ హద్దు లోపలే.

చివరగా పరీక్ష. ప్రతి కొత్త రంగుకు, ప్రతి కొత్త మందానికి, వస్తువుతో పాటే అదే లోహపు చిన్న రేకు ముక్క ఒకటి పూసి వేలాడదీయండి. అది పూర్తిగా చల్లారాక, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావకంలో తడిపిన దూదితో గట్టిగా నొక్కి, ముందుకూ వెనక్కూ 50 సార్లు రుద్దండి. చేతికి ద్రావకం తట్టుకునే తొడుగులు వేసుకుని, నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట చేయండి. దూదికి కొద్దిగా రంగు అంటినా, మెరుపు కాస్త తగ్గినా కొన్ని పొడులలో సహజమే. పూత మెత్తబడి గోటికి లేచివస్తే మాత్రం ఉడకలేదని అర్థం. అటువంటప్పుడు వస్తువును పారేయనక్కరలేదు, గీకనూ అక్కరలేదు. దాన్ని మళ్ళీ ఓవెన్‌లో పెట్టి, ఈసారి లోహం మీద థర్మోకపుల్ ఉంచి, డబ్బా మీద రాసిన వేడికి అది చేరాక పూర్తి సమయం ఉంచితే మిగిలిన అల్లిక జరుగుతుంది. ఆ వస్తువుకు ఎన్ని నిమిషాలు పట్టిందో దాని బరువు, మందంతో సహా రాసి పెట్టుకోండి. అదే రకం వస్తువు మళ్ళీ వచ్చినప్పుడు సమయాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టండి.